ఓర్లాండోలో టైమ్‌షేర్‌ను నేరుగా ఓనర్ దగ్గర అద్దెకు తీసుకోవచ్చా? జెల్ చేసే ముందు ఇవి చూసుకోండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, డిసెంబరు చివరి వారం పిల్లలతో సహా ఆరుగురు ఓర్లాండో వెళ్లాలి. ఫేస్‌బుక్‌లో ఒక తెలుగు గ్రూపులో ఒకావిడ రెండు బెడ్‌రూముల టైమ్‌షేర్ (రిసార్టులో ఏటా ఒక వారం వాడుకునేందుకు ఓనర్లు కొనుక్కునే హక్కు) వారానికి 900 డాలర్లకు ఇస్తానన్నారు. కన్ఫర్మేషన్ పీడీఎఫ్ పంపారు, నమ్మకం కోసం డ్రైవింగ్ లైసెన్సు ఫొటో కూడా పంపారు. ఇవాళ రాత్రిలోగా మొత్తం జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే Zelle సేవ) చేయమంటున్నారు. నమ్మొచ్చా అని మీ ప్రశ్న.

ఇవాళ రాత్రి మాత్రం పంపకండి. ఆవిడ మోసం చేస్తోందని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ ఆవిడ నూటికి నూరుపాళ్లు నిజమైన ఓనరే అయినా, ఆవిడ అడిగిన పద్ధతిలో డబ్బు పంపకూడదు.

నాకూ ఓర్లాండోలో ఒక వారం ఉంది. మాకు కుదరని ఏడాది అద్దెకిస్తాను, వేరే ఊళ్లకి వెళ్లేటప్పుడు వేరే ఓనర్ల దగ్గర తీసుకుంటాను. అందుకని ఓనర్ లాగిన్ అయితే ఏం కనిపిస్తుందో, ఏమేం చేయగలడో నాకు తెలుసు. అద్దెకు తీసుకునేవాళ్లలో చాలామందికి తెలియనిది ఒకటుంది: రిజర్వేషన్ మీ పేరు మీదకి మారినంత మాత్రాన అది మీది అయిపోదు. మీరు విమానం ఎక్కే రోజు పొద్దున కూడా నేను దాన్ని రద్దు చేయగలను. రిసార్టు లెక్కలో హక్కుదారు నేను, మీరు నా అతిథి. మీ దగ్గర నేను డబ్బు తీసుకున్నానా లేదా అన్నది వాళ్లకి పట్టదు. కాబట్టి రిజర్వేషన్ అసలైనదేనా అని చూసుకోవడంతో పని సగమే అవుతుంది. ఆ మనిషి ఎవరో మీకు రూఢిగా తెలియాలి, తేడా వస్తే డబ్బు వెనక్కి రాబట్టుకునే దారి మీ చేతిలో ఉండాలి. మిగతాదంతా ఈ రెండింటి కోసమే.

ముందు ధర సంగతి. తక్కువకి ఇస్తున్నారంటే మోసమే అనేస్తారు చాలామంది. టైమ్‌షేర్ల విషయంలో అది అన్నిసార్లూ నిజం కాదు. వాడుకున్నా వాడుకోకపోయినా ఓనర్ ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టి తీరాలి. రెండు బెడ్‌రూములకి అది వెయ్యి డాలర్లు దాటడం మామూలు. వారం ఊరికే పోయేకన్నా సగమైనా వస్తే చాలనుకునే ఓనర్లు బోలెడుమంది. పైగా ఓర్లాండోలో టైమ్‌షేర్లు అవసరానికి మించి కట్టేశారు. బళ్లు తెరిచాక సెప్టెంబరులో ఐదారు వందలకే రెండు బెడ్‌రూములు దొరికితే నాకు అనుమానం రాదు. క్రిస్మస్ వారం అలా కాదు. టైమ్‌షేర్ క్యాలెండర్‌లో 51, 52 వారాలంటే ఓనర్లే ఒకరితో ఒకరు పోటీపడి పట్టుకునేవి. ఆ వారం చేతిలో ఉన్న మనిషికి దాని విలువ తెలియకపోవడం ఉండదు. అంత తక్కువకి ఎందుకిస్తున్నారని ఆవిడని అడగండి. ఇంట్లో ఎవరికో ఆపరేషన్, డబ్బు అర్జెంటు అని చెబితే దానితో సరిపెట్టుకోకండి. అంత అర్జెంటయినవాళ్లు ఆ వారాన్ని ఇంకా ఎక్కువకే ఒక్క రోజులో ఇచ్చేయగలరు.

ఇక పీడీఎఫ్. దాన్ని చూసి ఏమీ తేల్చుకోకండి. పాత కన్ఫర్మేషన్‌లో పేరూ తేదీలూ మార్చడం పది నిమిషాల పని. డ్రైవింగ్ లైసెన్సు ఫొటో మరీ ప్రమాదం. అది ఇంతకుముందు వీళ్ల చేతిలో మోసపోయిన ఎవరిదో అయ్యుండొచ్చు. ఆ లెక్కన మీరు మీ లైసెన్సు ఫొటో పంపితే, తర్వాతి బాధితుడికి మీ మొహం చూపిస్తారు. ఎవరికీ పంపకండి. అతిథిగా మీ పేరు ఎక్కించడానికి ఓనర్‌కి మీ పూర్తి పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు చాలు.

ఓర్లాండో, డిస్నీ వరల్డ్ చాలావరకు ఆరెంజ్ కౌంటీలో ఉన్నాయి. డీడ్ (రిజిస్టరైన యాజమాన్య పత్రం) ఉన్న టైమ్‌షేర్ అమ్మకాలు కౌంటీ రికార్డుల్లోకి ఎక్కుతాయి. ఆరెంజ్ కౌంటీ కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో అఫీషియల్ రికార్డ్స్ అని ఉంటుంది, అందులో పేరు కొట్టి ఉచితంగా వెతుక్కోవచ్చు. కిస్సిమీ వైపు రిసార్టయితే ఆసియోలా కౌంటీ క్లర్క్ దగ్గర చూడాలి. మన పేర్లను ఇంటిపేరు ముందూ వెనకా మార్చి రకరకాలుగా రాస్తారు కాబట్టి రెండు మూడు విధాలుగా వెతకండి. అయితే దీన్ని అతిగా నమ్మకండి. ట్రస్టు కింద నడిచే పాయింట్ల పథకాల్లో (ఒక ఫలానా వారానికి బదులు పాయింట్లు ఇచ్చేవి) ఓనర్ పేరు మీద డీడ్ ఉండకపోవచ్చు, అంటే పేరు దొరక్కపోతే దొంగ అని కాదు. అటునుంచి చూస్తే, ఆ రికార్డులు ఎవరైనా చూడొచ్చు కాబట్టి అందులోంచి ఒక పేరు ఎత్తుకొచ్చి నేనే అని చెప్పుకోవడం మోసగాళ్లకి కష్టమేమీ కాదు.

అందుకే నేను అసలు ఓనర్ మాత్రమే చేయగలిగిన పని అడుగుతాను. ముగ్గురూ కలిసి ఒక ఫోన్ కాల్. ఓనర్, మీరు, అవతల రిసార్టు ఓనర్ సర్వీసెస్. నంబరు ఆవిడ ఇచ్చింది కాదు, మీరే రిసార్టు సొంత వెబ్‌సైటు నుంచి తీసుకుని, మీరే కలపాలి. ఆవిడ తన ఖాతా వివరాలు చెప్పి తను ఓనరేనని రుజువు చేసుకుంటారు. తర్వాత మీరు వినేలా నాలుగు విషయాలు అడగాలి: ఫలానా తేదీలకి రిజర్వేషన్ ఉందా, ఎన్ని బెడ్‌రూముల యూనిట్, చెక్-ఇన్ చేసే అతిథిగా ఎవరి పేరుంది, ఆ ఏడాది మెయింటెనెన్స్ ఫీజు బాకీ ఏమైనా ఉందా. చివరిది మాత్రం మర్చిపోకండి. ఓనర్ ఫీజు ఎగ్గొడితే రిసార్టు ఆ వారం వాడుకోనివ్వదు, సూట్‌కేసులతో లాబీలో నిలబడేది మీరు. ఇదంతా పావుగంట పని. నన్ను అద్దెకడిగేవాళ్లు ఇలా కాల్ పెట్టమంటే నాకు ఏమాత్రం చిరాకు ఉండదు, పైగా వీళ్లు పద్ధతైనవాళ్లు అనిపిస్తుంది. ‘నన్ను అనుమానిస్తున్నారా’ అని ఎదురు కోప్పడేవాళ్ల దగ్గర తీసుకోకండి.

మీరొక్కరే ఫ్రంట్ డెస్క్‌కి ఫోన్ చేసి అడిగితే కొన్నిచోట్ల చెబుతారు, చాలాచోట్ల ఓనర్‌తో తప్ప మాట్లాడరు. చెప్పకపోతే రిజర్వేషన్ లేదని కాదు. మీ పేరు ఎక్కాక రిసార్టు వ్యవస్థ నుంచే కన్ఫర్మేషన్ ఈమెయిలు మీకు నేరుగా వచ్చే ఏర్పాటు చాలా క్లబ్బుల్లో (టైమ్‌షేర్ కంపెనీలు నడిపే పథకాల్లో) ఉంది, అది అడగండి. ఓనర్ ఫార్వర్డ్ చేసింది వేరు, రిసార్టు పంపింది వేరు. పంపినవాళ్ల ఈమెయిలు చిరునామాలో ఒక అక్షరం అటూఇటూ ఉందేమో చూడండి. ఓనర్ తోడు రాకపోతే కొన్ని క్లబ్బుల్లో అతిథి పేరు మీద విడిగా గెస్ట్ సర్టిఫికేట్ లాంటిది తీసి ఉండాలి. దాని ఖర్చు అద్దెలో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ వారం మీ సొంతమా, లేక ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకున్నదా? ఆర్‌సీఐ, ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ అని రెండు పెద్ద మార్పిడి సంస్థలున్నాయి. ఓనర్లు తమ వారం అక్కడ జమచేసి వేరే ఊళ్లో వారం తీసుకుంటారు. అలా వచ్చిన వారాన్ని స్నేహితులకో చుట్టాలకో ఇవ్వొచ్చు గానీ డబ్బుకి అద్దెకివ్వడం వాళ్ల నిబంధనలకి విరుద్ధం. పసిగడితే రద్దు చేస్తారు. ఓనర్ మంచివాడే, రిజర్వేషన్ నిజమే, మీ పేరూ ఉంది, అయినా మీ సెలవు పోతుంది. ఇది చాలామంది ఓనర్లకే సరిగా తెలియదు, కాబట్టి అడిగితే దాచకుండా చెప్పేస్తుంటారు. ఎక్స్‌ఛేంజ్ వారం అన్నారంటే నేనైతే తీసుకోను.

డిస్నీ లోపలే ఉండాలనుకుంటే డిస్నీ సొంత టైమ్‌షేర్ పథకమైన డిస్నీ వెకేషన్ క్లబ్‌లో ఓనర్ల పాయింట్ల మీద తీసుకోవచ్చు. అక్కడ ఓనర్లు తమ సొంత రిసార్టుకి 11 నెలల ముందు, మిగతావాటికి 7 నెలల ముందు బుక్ చేయగలరు. కాబట్టి క్రిస్మస్ వారం కావాలంటే జనవరి, ఫిబ్రవరిల్లోనే వెతుకులాట మొదలవ్వాలి. నవంబరులో మంచి రిసార్టులో క్రిస్మస్ గది ఖాళీగా ఉందని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. కన్ఫర్మేషన్ నంబరు చేతికొస్తే మీ సొంత డిస్నీ యాప్‌లో దాన్ని కలుపుకోవచ్చు. అది యాప్‌లో కనిపిస్తే ఆ నిమిషానికి రిజర్వేషన్ నిజమైనదే. మళ్లీ చెబుతున్నాను, ఆ నిమిషానికే. ఓనర్ రద్దు చేస్తే యాప్‌లోంచి కూడా మాయమవుతుంది. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటూ ఉండండి. ఓనర్‌తో నేరుగా పెట్టుకోవడం ఇష్టంలేని వాళ్లకి ఈ పాయింట్ల అద్దె మధ్యవర్తులు చాలా ఏళ్లుగా ఉన్నారు. పాయింటుకి కొన్ని డాలర్లు ఎక్కువ పడుతుంది, బదులుగా డబ్బు నేరుగా ఓనర్ జేబులోకి పోదు. మొదటిసారి తీసుకునేవాళ్లకి, అదీ పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు, నేను మధ్యవర్తినే సూచిస్తాను.

ఇప్పుడు డబ్బు. జెల్, వెన్మోలో స్నేహితులకి పంపే పద్ధతి, క్యాష్ యాప్, వైర్, గిఫ్ట్ కార్డులు: ఇవన్నీ చేత్తో నోట్లు ఇచ్చినట్టే. జెల్‌లో మీరే ఒప్పుకుని పంపారు కాబట్టి తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసినా తిరిగి రావడం అరుదు. పేపాల్‌లో కూడా ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే కొనుగోలు రక్షణ ఉండదు. ‘గూడ్స్ అండ్ సర్వీసెస్’ కిందే పంపాలి. దానికి ఓనర్‌కి సుమారు 3 శాతం కోత పడుతుంది, అందుకే వద్దంటారు కొందరు, అది నిజాయితీ లేకపోవడం కాదు. ఆ కోత నేనే భరిస్తానని చెప్పండి. 1,500 డాలర్ల మీద 45 డాలర్లు. దానికీ ఒప్పుకోకపోతే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

అయితే పేపాల్ రక్షణకి ఒక గడువుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఫిర్యాదు తెరవాలి. క్రిస్మస్ వారానికి ఫిబ్రవరిలో కట్టేస్తే, మీరు రిసార్టు గుమ్మం ఎక్కేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది! పేపాల్‌లో కట్టినా వెనకాల బ్యాంకు ఖాతా కాకుండా క్రెడిట్ కార్డు పెట్టమనేది అందుకే. అప్పుడు కార్డు కంపెనీ దగ్గర వివాదం వేసే దారి వేరేగా మిగులుతుంది. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం స్టేట్‌మెంటు వచ్చాక 60 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. అందని సేవ విషయంలో కార్డు నెట్‌వర్కుల సొంత నిబంధనలు సాధారణంగా ఆ సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్కపెడతాయి కాబట్టి, దూరపు తేదీల ప్రయాణానికి అవే ఎక్కువ పనికొస్తాయి. డెబిట్ కార్డుకి ఇంత బలం లేదు.

ఒకేసారి మొత్తం కట్టకండి. మీ పేరు ఎక్కి, ముగ్గురి కాల్ అయ్యాక కొంత, మిగతాది ప్రయాణానికి నెల ముందు మళ్లీ ఒకసారి రిజర్వేషన్ చూసుకున్నాక. ఓనర్ వైపు నుంచి కూడా ఇది న్యాయమే. ఆఖరి నెలలో మీరు చేతులెత్తేస్తే ఆ వారం వేరేవాళ్లకి ఇచ్చుకోవడం నాకు కష్టం, అందుకే మొదటి వాయిదా నేను వెనక్కివ్వను. క్లబ్బు నియమాలూ అలాగే ఉంటాయి. డిస్నీలో 30 రోజుల లోపు రద్దు చేస్తే ఓనర్ పాయింట్లు హోల్డింగ్ అనే విడి ఖాతాలో పడి, తర్వాత ఇరుకు షరతులతో తప్ప పనికిరావు.

ఒప్పందం రాసుకోండి. లాయరు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఇద్దరి పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు, రిసార్టు పేరు, యూనిట్ సైజు, చెక్-ఇన్ చెక్-అవుట్ తేదీలు, మొత్తం ఎంత, అందులో పన్నులూ పార్కింగూ ఉన్నాయా, ఓనర్ రద్దు చేస్తే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగివ్వాలి, తుపాను వచ్చి రిసార్టు మూసేస్తే ఎలా. ఫ్లోరిడాలో ఈ ఆఖరిదాన్ని తీసి పారేయడానికి లేదు, జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ కాలమే. ఒప్పందం కాగితం మోసగాణ్ణి ఆపదు. కానీ చిరునామా రాయమనేసరికి జారుకునేవాళ్లు జారుకుంటారు, అదీ ఒక లాభమే.

తెలుగు గ్రూపు కదా, మన తెలుగావిడే కదా అన్నారు మీరు. తెలుగులో మాట్లాడటం గుర్తింపు కార్డు కాదండీ. అసలు ఖాతాలనే హ్యాక్ చేసి ఆ పేరు మీద పోస్టులు పెడుతున్నారు, కాబట్టి మీకు తెలిసిన స్నేహితుడి ఖాతా నుంచి వచ్చినా అతనికి మామూలు ఫోన్ చేసి గొంతు వినండి. ఫేస్‌బుక్, క్రెయిగ్స్‌లిస్ట్‌ల కన్నా టైమ్‌షేర్లకే ప్రత్యేకించిన చోట్లు నయం. రెడ్‌వీక్ అనే సైట్‌లో ఓనర్‌షిప్ సరిచూసిన ప్రకటనలకి వేరుగా గుర్తు ఉంటుంది, డబ్బు వాళ్ల ద్వారా కట్టే పద్ధతీ ఉంది. టగ్ అని 1993 నుంచి నడుస్తున్న ఓనర్ల సంఘం ఉంది, అక్కడ ఏళ్ల తరబడి రాస్తున్న ఓనర్ పేరు ఎవరైనా చూసి తెలుసుకోవచ్చు. మీరు చూసిన ప్రకటనలోని ఫొటోలు వేరే సైట్ల నుంచి ఎత్తుకొచ్చినవేమో గూగుల్‌లో ఫొటో పెట్టి వెతకండి.

మీ విషయంలో ఇంకొక్కటి. అమ్మానాన్నలకి వీసా ఇంకా చేతికి రాలేదని కింద కామెంట్‌లో రాశారు. అలాంటప్పుడు ఓనర్ అద్దె అసలు వద్దు. ఇవి దాదాపుగా రద్దు చేసుకోలేనివి, వీసా రాలేదన్న కారణాన్ని మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సు ఒప్పుకోవడం కష్టం. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న హోటల్ ఒకటి పెట్టుకుని, తర్వాత నెమ్మదిగా టైమ్‌షేర్ వెతకండి. ఆలస్యమైనా ఆఖరి నెలలో ఓనర్లు ధర తగ్గిస్తుంటారు. క్రిస్మస్‌కి ఆ ఆశ తక్కువేననుకోండి.

ఒకవేళ ఇది చదివేసరికే డబ్బు పంపేసి ఉంటే, ఈ రాత్రే బ్యాంకుకి ఫోన్ చేయండి, పొద్దున దాకా ఆగకండి. సందేశాలు, పీడీఎఫ్, ప్రొఫైలు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే అవతలివాళ్లని నిలదీయండి, లేకపోతే ఖాతానే మాయమవుతుంది. ఎఫ్‌బీఐ వారి ఐసీ3 (ఆన్‌లైన్ నేరాల ఫిర్యాదు కేంద్రం)లో, ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ఫిర్యాదు నమోదు చేయండి. ఆ తర్వాత వారంలో ‘మీ డబ్బు రాబడతాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అదీ మోసమే.

టైమ్‌షేర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకూ ఒక మాట. మీ వారానికి అద్దెదారు సిద్ధంగా ఉన్నాడు, ముందు పన్ను కట్టాలి అంటూ వచ్చే కాల్స్ చిల్లర దొంగల పని అనుకోకండి. మెక్సికోలోని ప్వెర్టో వల్లార్టా ఊరి చుట్టూ టైమ్‌షేర్ ఓనర్లని దోచుకుంటున్నారని అమెరికా ట్రెజరీ శాఖ 2023లో హలిస్కో కార్టెల్ అనే మాదకద్రవ్యాల ముఠాతో సంబంధమున్న మనుషుల మీద, కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. ఏ నిజమైన అద్దెదారూ ఓనర్ దగ్గర ముందు డబ్బు అడగడు.

అంతా సవ్యంగా జరిగి చెక్-ఇన్‌కి వెళ్తే: రిజర్వేషన్‌లో ఉన్న పేరు, చేతిలో ఉన్న ఐడీ ఒకటే కావాలి, డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు అడుగుతారు. యూనిట్‌లో ఎంతమంది ఉండొచ్చో ఆ లెక్కలో చంటిపిల్లలు వస్తారో లేదో ముందే కనుక్కోండి. స్టూడియో అయితే సాధారణంగా మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ తప్ప పొయ్యి ఉండదు. ఒక బెడ్‌రూమూ ఆపైన అయితేనే పూర్తి వంటగది. పోపు పెట్టేముందు పైన ఫ్యాను వేయండి, స్మోక్ అలారం మోగితే అమ్మ కంగారుపడతారు.

తాళం ఇచ్చాక పార్కింగ్ పాస్ కోసం పక్క బల్ల దగ్గరికి పంపుతారు. అక్కడ కూర్చున్నవాళ్లు రిసెప్షన్ వాళ్లు కాదు, అమ్మకాలవాళ్లు. టిఫిన్ పెడతాం, గిఫ్ట్ కార్డు ఇస్తాం, గంటన్నర కూర్చోండి చాలు అంటారు. గంటన్నరలో వదిలినవాళ్లు తక్కువ. మీరు ఓనర్ కాదు, అతిథి. వెళ్లాల్సిన పనేమీ లేదు, పాస్ తీసుకుని నడిచి వెళ్లిపోండి. పొరపాటున వెళ్లి సంతకం పెట్టేస్తే, ఫ్లోరిడా చట్టం కారణం చెప్పకుండా రద్దు చేసుకోవడానికి 10 రోజులిస్తుంది. నెవాడాలో అయితే 5 రోజులే. రద్దు లేఖ కాగితం మీద రాసి, ఒప్పందంలో చెప్పిన చిరునామాకి, పోస్టాఫీసు రసీదు వచ్చే పద్ధతిలో పంపండి.